ఊపిరితిత్తుల శస్త్రచికిత్స: రక్తపరీక్ష చేయు హెచ్చరిక

ఊపిరితిత్తులకు శస్త్రచికిత్స జరిగినంతనే రోగి బంధువులు అడుగు మొదటి ప్రశ్న “ఆపరేషను బాగుగా జరిగినదా?” యన్నది. ఈ ప్రశ్నకు శస్త్రవైద్యుడు ఆనాడే సమాధానము చెప్పగలడు. కాని అంతే ముఖ్యమైన ప్రశ్న మఱియొకటి కలదు. “లోపలి గాయము ఉపద్రవము లేకుండ మానుచున్నదా?” అను ఆ రెండవ ప్రశ్నకు ఒక్క దినములో సమాధానము లభింపదు. జ్వరము, శ్వాస, నాడి, దగ్గు, నొప్పి మొదలగు లక్షణములను దినదినమును కనిపెట్టుటవలనను, కొన్ని రక్తపరీక్షలవలనను వైద్యులు దానిని క్రమక్రమముగా గ్రహింతురు. ఆ రక్తపరీక్షలు ఏమి చెప్పగలవు, ఏమి చెప్పజాలవు, వానిని చూచి రోగియు బంధువులును ఎట్లు మెలగవలెను అను విషయములను సామాన్య ప్రజలకు తెలుపుటయే ఈ చిన్న పుస్తకము యొక్క ఉద్దేశము.

జంషెడ్‌పూర్ నివాసులైన తెలుగువారికి ఈ విషయము తెలిసియుండుట మఱింత అవసరము. 1907లో స్థాపితమైన టాటా ఇనుము, ఉక్కు కంపెనీ సాక్చీ గ్రామమున కర్మాగారమును నిర్మించిన నాటినుండి, ఉత్తరకోస్తా ప్రాంతములనుండి ఎన్నియో తెలుగు కుటుంబములు పనులకై అచ్చటికి వలసపోయినవి. 1919లో ఆ పట్టణమునకు జంషెట్‌జీ టాటా పేర నామకరణము జరిగినది. నేటికిని బిష్టుపూర్, కద్మా, సోనారి మొదలగు పేటలలో తెలుగు కుటుంబములు కాపురమున్నవి. 1908లో చిన్న డిస్పెన్సరీగా ఆరంభమైన టాటా ముఖ్యవైద్యశాల, 1961లో స్థాపింపబడిన మహాత్మాగాంధీ స్మారక వైద్యకళాశాల, 1975లో తెరువబడిన మెహర్‌బాయి టాటా స్మారక క్యాన్సరు ఆసుపత్రి ఆ పట్టణమున నున్నవి.

ఆసుపత్రినుండి విడుదలయైన రోగిని, స్వగ్రామపు గాలి తగిలినచో త్వరగా కోలుకొనునను తలంపుతో, టాటానగర్ స్టేషనులో రైలెక్కించి శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములకు తీసికొనిపోవుట కద్దు. అచ్చట ఏదేని ఉపద్రవము పొడసూపినచో, చికిత్స చేసిన వైద్యుడు వందల కిలోమీటర్ల దూరమున నుండును. అప్పుడు రోగి ప్రాణమును కాపాడునది ఇంటివారి వివేకమే. ప్రమాదచిహ్నములను వారు ముందే ఎఱిగియుండవలెను.

శస్త్రచికిత్స ఎప్పుడు చేయుదురు?

కుడి ఊపిరితిత్తి మూడు భాగములుగను, ఎడమ ఊపిరితిత్తి రెండు భాగములుగను విభజింపబడియున్నవి. క్యాన్సరు గడ్డ చిన్నదిగ నున్నపుడు, అది వ్యాపింపకమునుపే ఆ భాగమును తీసివేయుట మేలైన చికిత్స. ఛాతిలో చీముచేరి గట్టిపడి ఊపిరితిత్తిని నొక్కివేసినపుడు ఆ గట్టిపొరను ఒలిచివేయుదురు. పాత క్షయవలన ఏర్పడిన గుల్లలో బూజు పెరిగి నెత్తురు పడుచున్నపుడు, ఎంతకును మానని చీముకఫము పట్టినపుడు, గాలితిత్తి పగిలి ఊపిరితిత్తి కుంగిపోయినపుడు కూడ శస్త్రచికిత్స అవసరము కావచ్చును.

1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరము క్షయ ఆసుపత్రి వెలసిన కాలమున క్షయకు మందు లేదు. విశ్రాంతి, నిర్మలమైన గాలి, పుష్టికరమైన ఆహారమే నాటి ఆధారములు. పలుదేశములలో ప్రక్కటెముకలను కోసి వ్యాధిగ్రస్తమైన ఊపిరితిత్తిని అణచివేయు శస్త్రచికిత్సలు కూడ జరుగుచుండెడివి. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడిన పిమ్మట ఒకటివెంట ఒకటిగా మందులు వచ్చినవి. నేడు క్షయరోగులలో మిక్కిలి యెక్కువమందికి మందులతోడనే నయమగుచున్నది. కత్తి అవసరమగువారు కొద్దిమంది మాత్రమే.

శోథ యనగా నేమి?

వ్రేలికి ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ చోటు ఎఱ్ఱబారును, వేడెక్కును, వాచును, నొప్పిపెట్టును. ఈ నాలుగు లక్షణములను క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోము దేశీయుడైన సెల్సస్ తన వైద్యగ్రంథమున వ్రాసియున్నాడు. దీనినే శోథ యందురు. ఇది శరీరము తన్ను తాను రక్షించుకొనుటకు చేయు యత్నమేగాని స్వయముగా ఒక వ్యాధి కాదు. గాయమైన చోటికి నెత్తురు అధికముగా ప్రవహించును; తెల్లకణములు వచ్చి చేరి సూక్ష్మజీవులను, చచ్చిన కణములను తొలగించును; అటుపిమ్మట గాయము మానుట కారంభించును.

శస్త్రచికిత్సయు నొక గాయమే. సూక్ష్మజీవి ఒక్కటియు ప్రవేశింపకున్నను, కోసినచోట శోథ కలుగవలసినదే. ఊపిరితిత్తుల విషయమున ఇది మఱికొంత అధికము. శస్త్రచికిత్స జరుగునపుడు సాధారణముగా ఒక ఊపిరితిత్తికి గాలిని ఆపివేసి, రెండవదానితోడనే శ్వాస నడుపుదురు. ముడుచుకొనిన ఊపిరితిత్తిని చేతితో కదల్చుట, కొన్ని గంటల తరువాత దానిని మరల గాలితో విప్పుట, గాలినంతయు రెండవదియే భరించుట అను కారణములవలన రెండింటికిని కొంత రాపిడి తప్పదు. కోత నొప్పిచే రోగి గట్టిగా దగ్గలేడు, నిండుగా ఊపిరి పీల్చలేడు. కఫము లోపలనే నిలిచిపోవును. నిలిచిన నీటిలో నాచు పెరిగినట్లు, నిలిచిన కఫములో సూక్ష్మజీవులు పెరుగును.

శోథ తన పని ముగించి తగ్గిపోయినచో గాయము మానును. తగ్గవలసిన కాలమున తగ్గకున్నను, తగ్గి మరల పెరిగినను, లోపల ఏదో చెడుగు జరుగుచున్నదని అనుమానింపవలెను.

కలుగదగిన ఉపద్రవములు

అన్నిటికంటె తఱచుగా కలుగునవి న్యుమోనియాయు, ఊపిరితిత్తిలో ఒక భాగము గాలిలేక ముడుచుకొనిపోవుటయు. కొందఱికి కోసి కుట్టినచోటినుండి గాలి చిమ్ముచుండును. ఇది ఐదు దినములు దాటినచో దీర్ఘకాలపు చిమ్ముగా లెక్కింతురు. కొందఱికి, ముఖ్యముగా వృద్ధులకు, మొదటి కొన్ని దినములలో గుండె లయ తప్పి కొట్టుకొనును. కాలి సిరలలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకు ప్రాకుట మఱియొక ప్రమాదము.

అరుదైనను మిక్కిలి భయంకరమైనవి రెండు కలవు. మొదటిది కుట్టిన శ్వాసనాళపు కొన విడిపోవుట. రెండవది ఛాతికుహరములో చీము చేరుట. ఇవి ఆసుపత్రిలో నుండగనే పొడసూపవచ్చును. ఇంటికి చేరిన తరువాత, రెండవ మూడవ వారములలో కూడ బయటపడవచ్చును. చీమును త్వరగా కనుగొన్నచో గొట్టము వేసి తీసివేయుట, తగిన మందు లిచ్చుట సులభము. ఆలస్యమైనచో అది గట్టిపడి మరల పెద్ద శస్త్రచికిత్స అవసరమగును. ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కావున ముందు హెచ్చరిక యెంతటి విలువగలదో ఊహింపవచ్చును.

నెత్తురు ఏమి చెప్పును?

లోపలి శోథను కన్నులతో చూడజాలము గనుక వైద్యులు నెత్తురులోని కొన్ని పదార్థములను కొలుతురు. వీనిని శోథసూచకములందురు.

మొదటిది తెల్లకణముల లెక్క. ఆరోగ్యవంతుని నెత్తురులో ఒక ఘనమిల్లీమీటరునకు సుమారు 4,000 నుండి 11,000 వఱకు తెల్లకణము లుండును. శస్త్రచికిత్స జరిగిన మరునాడు ఈ సంఖ్య పెరుగుట సహజము. శోథలో న్యూట్రోఫిల్ కణములు పెరిగి లింఫోసైట్ కణములు తగ్గును గనుక ఈ రెండింటి నిష్పత్తిని కూడ కొందఱు వైద్యులు గమనింతురు. స్టీరాయిడ్ మందులు వాడినపుడు సూక్ష్మజీవులు లేకయే తెల్లకణములు పెరుగునని గుర్తుంచుకొనవలెను.

రెండవది ఎఱ్ఱకణములు అడుగునకు దిగు వేగము. దీనిని ఇ.ఎస్.ఆర్. అందురు. శతాబ్దమునకు పైగా వాడుకలోనున్న చవుకైన పరీక్ష యిది. క్షయ మొదలగు దీర్ఘవ్యాధులను గమనించుటకు పనికివచ్చును. కాని శస్త్రచికిత్స తరువాత ఇది వారములకొలది హెచ్చుగనే యుండును. కావున మూడవనాటికిని ఐదవనాటికిని గల భేదమును తెలుపుటకు ఇది తగినది కాదు.

మూడవదియు ముఖ్యమైనదియు సి-రియాక్టివ్ ప్రోటీను. దీనిని సి.ఆర్.పి. యని వ్యవహరింతురు. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ పరిశోధనాలయమున టిల్లెట్, ఫ్రాన్సిస్ అను శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల నెత్తురులో దీనిని కనుగొనిరి. ఊపిరితిత్తుల జబ్బులోనే మొదట కనబడిన ఈ సూచకము నేడు సమస్త శోథలకును కొలబద్దయైనది. గాయమైనచోటినుండి ఇంటర్‌ల్యూకిన్-6 అను పదార్థము కాలేయమునకు వార్త తెచ్చును. అంతట కాలేయము ఈ ప్రోటీనును విస్తారముగా తయారుచేయును. ఆరోగ్యవంతులలో ఇది లీటరునకు 5 లేక 10 మిల్లీగ్రాములలోపుగ నుండును. కోత జరిగిన కొన్ని గంటలలో పెరుగ నారంభించి, రెండవ లేక మూడవ దినమున శిఖరము నందును. వార్త ఆగినచో తయారీయు ఆగును. నెత్తురులోనున్న దానిలో సగము సుమారు 19 గంటలలో తొలగిపోవును. ఈ వేగమువలననే ఇది వైద్యునకు మంచి సాక్షియగుచున్నది.

నాలుగవది ప్రోకాల్సిటోనిన్. బాక్టీరియావలన కలుగు తీవ్రమైన సోకుడులో ఇది పెరుగునని 1993లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ప్రకటించిరి. ఇది సి.ఆర్.పి.కంటె త్వరగా పెరుగును, త్వరగా తగ్గును. శస్త్రచికిత్స మాత్రముచేత సాధారణముగా కొలదిగనే పెరుగును గనుక, బాక్టీరియా ఉన్నదా లేదా యను సందేహము కలిగినపుడు సహాయపడును. మూత్రపిండములు చెడినవారిలో బాక్టీరియా లేకున్నను ఇది హెచ్చుగ నుండవచ్చును. దీని ఖర్చు ఎక్కువ గనుక రోగు లందఱికిని ప్రతిదినమును చేయింప నవసరము లేదు.

అంకెను చదువు విధము

ప్రయోగశాల కాగితముపై “10 లోపు” అని వ్రాసియుండగా, దానిప్రక్కన 140 అను అంకెను చూచి బంధువులు భయపడుట సహజము. కాని ఆ పదిలోపు అను కొలత ఆరోగ్యవంతునకు వర్తించునదేకాని, రెండు దినముల క్రిందట ఛాతి కోయబడినవానికి వర్తించునది కాదు. ఛాతిని తెఱచి ఊపిరితిత్తిలో ఒక భాగమును తీసివేసిన పిమ్మట రెండవ మూడవ దినములలో సి.ఆర్.పి. 100 దాటుట ఆశ్చర్యము కాదు. చిన్న రంధ్రములద్వారా కెమెరా సాయముతో చేసిన శస్త్రచికిత్సలో అది సాధారణముగా కొంత తక్కువగ నుండును.

కాబట్టి ఒక్కనాటి అంకెకంటె అంకెలు నడచు దారి ముఖ్యము. ఇద్దఱు రోగులను ఊహించుకొనిన విషయము స్పష్టమగును. మొదటివానికి రెండవనాడు 150, మూడవనాడు 160, ఐదవనాడు 85, ఏడవనాడు 40 అని వచ్చినది. రెండవవానికి రెండవనాడు 130, నాలుగవనాడు 100, ఆరవనాడు 180 అని వచ్చినది. రెండవనాడు మొదటివానికే అంకె పెద్దది. అయినను అతని దారి క్రిందికి సాగినది, గాయము మానుచున్నది. రెండవవాని అంకె తగ్గి మరల లేచినది. అతనికి జ్వరము లేకున్నను వైద్యుడు ఛాతిని పరీక్షించును, ఎక్సురే తీయించును, కఫమును పరీక్షకు పంపును, అవసరమైన స్కానింగు చేయించును. తగ్గిన పిమ్మట కలుగు రెండవ పెరుగుదలయే శోథసూచకములు చేయు ముఖ్యమైన హెచ్చరిక.

మఱియొక విషయము గమనింపదగినది. అంకె తక్కువగ నున్నపుడు అది చెప్పు మాట, అంకె ఎక్కువగ నున్నపుడు చెప్పు మాటకంటె నమ్మదగినది. నాలుగవ ఐదవ దినములనాటికి సి.ఆర్.పి. బాగుగా దిగి, రోగి తేరుకొనుచున్నచో, లోపల పెద్ద సోకుడు ఉండుటకు అవకాశము తక్కువ. అంకె ఎక్కువగ నున్నంతమాత్రమున సోకుడు ఉన్నదని నిశ్చయింపరాదు. కాలిసిరలో గడ్డ, కీళ్ళవాతము, మఱియొక గాయము మొదలగునవి కూడ దానిని పెంచును. తక్కువ అంకె విషయమునను రెండు జాగ్రత్తలు కలవు. స్టీరాయిడ్ మందులు సి.ఆర్.పి.ని అణచివేయవచ్చును. కాలేయము మిక్కిలి చెడినవారిలో అది పెరుగవలసినంత పెరుగకపోవచ్చును. కనుక రోగికి ఆయాసము హెచ్చుచుండగా కాగితముపై అంకె బాగున్నదని ఊరకుండరాదు.

కొలమానమును కూడ చూడవలెను. కొన్ని ప్రయోగశాలలు లీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని, కొన్ని డెసిలీటరునకు ఇన్ని మిల్లీగ్రాములని వ్రాయును. లీటరులో పది డెసిలీటర్లుండును. కావున డెసిలీటరునకు 12 అనగా లీటరునకు 120 అని యర్థము. జంషెడ్‌పూర్‌లో 120 అని వచ్చినది స్వగ్రామపు ప్రయోగశాలలో 12 అని వచ్చినచో, కొలమానమును చూడక సంతోషించుట ప్రమాదకరము. వీలైనంతవఱకు ఒకే ప్రయోగశాలలో పరీక్ష చేయించుటయు, కాగితముల నన్నిటిని తేదీవారీగా ఒక ఫైలులో భద్రపఱచుటయు ఉత్తమము.

శస్త్రచికిత్సకు ముందు

శస్త్రచికిత్సకు పూర్వమే సూచకములు హెచ్చుగ నున్నవారికిని, నెత్తురులో అల్బుమిన్ అను మాంసకృత్తు తక్కువగ నున్నవారికిని తరువాతి ఉపద్రవములు అధికమని పలు పరిశీలనలలో తేలినది. ఇందులకు కారణము అంకె కాదు; అంకె వెనుకనున్న దేహస్థితి. పొగత్రాగుటవలని శ్వాసనాళముల వాపు, అణగియున్న క్షయ, పండ్ల చిగుళ్ళలోని చీము, అదుపులో లేని మధుమేహము, పోషకాహారలోపము మొదలగునవి ముందే శోథను రగిల్చియుండవచ్చును. వీనిలో పెక్కింటిని సరిదిద్ద వీలున్నది. అయితే, ఛాతిలో చీమునకే శస్త్రచికిత్స చేయవలసియున్నపుడు సూచకములు హెచ్చుగ నుండక తప్పదు. అంకెకు భయపడి అవసరమైన చికిత్సను రోగి తనంతట తాను వాయిదా వేసికొనరాదు.

రోగి తన వృత్తిని వైద్యునకు తప్పక తెలుపవలెను. కొలిమి ఇటుకల పని, రాతిగనులు, రాతిపిండి మరలు మొదలగు చోట్ల పనిచేసినవారి ఊపిరితిత్తులలో సన్నని ఇసుకధూళి నిలిచి సిలికోసిస్ అను వ్యాధి కలుగును. తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనే, ముసాబని ప్రాంతమున తెల్లరాతిని పొడిచేయు పనిలోని కూలీలు ఈ వ్యాధిపాలైన విషయము 2000 తరువాతి సంవత్సరములలో బయటపడినది. ఈ ధూళి పట్టినవారికి క్షయ సులభముగా సోకును. ఇరువది యేండ్ల క్రిందట మానివేసిన పనిని కూడ చెప్పవలెను.

పొగత్రాగుట మానుట అన్నిటికంటె ముఖ్యము. బీడీ, సిగరెట్టు, చుట్టలతోపాటు, నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని త్రాగు అడ్డపొగ కూడ మానవలెను. ఉత్తరాంధ్ర స్త్రీలలో ఈ యలవాటు చిరకాలమునుండి ఉన్నది గనుక, ఆడువారిని పొగ విషయమై అడుగనక్కఱలేదని ఎవరును తలంపరాదు. శస్త్రచికిత్సకు కనీసము నాలుగు వారములు ముందుగా మానినచో ఉపద్రవములు తగ్గును. ఎప్పుడు మానినను మేలే. పొగ మానితినని ఖైనీ పట్టుటవలన లాభము లేదు. మానదలచినవారికి సలహా లిచ్చుటకు 1800-112-356 అను ఉచిత టెలిఫోను సేవ కలదు.

పొగాకు నైపుణ్యమును గౌరవింపదు. 1933లో ఇవార్ట్స్ గ్రాహమ్ అను అమెరికా శస్త్రవైద్యుడు క్యాన్సరు సోకిన ఒక ఊపిరితిత్తిని మొత్తముగా తీసివేసి ప్రసిద్ధుడయ్యెను. ఆ రోగి ఒక్క ఊపిరితిత్తితోడనే అనేక సంవత్సరములు జీవించెను. చిరకాలము సిగరెట్లు త్రాగిన గ్రాహమ్ మాత్రము 1957లో ఊపిరితిత్తుల క్యాన్సరుచేతనే మరణించెను. రోగి వైద్యుని మించి బ్రతికెను.

అంకెకు మందు వేయరాదు

సి.ఆర్.పి. హెచ్చుగ నున్నదని తెలియగనే “ఇంకను గట్టి మందు వేయుడు” అని బంధువులు వైద్యుని నిర్బంధించుట కలదు. ఆంటిబయోటిక్ మందులు బాక్టీరియాను చంపునేగాని కోతవలని శోథను తగ్గింపవు. అవసరము లేక వాడినచో ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు రోగి శరీరమునందే పెంపొందును. నిజముగా న్యుమోనియా వచ్చిననాడు మందు పనిచేయదు. చీము చేరియున్నచో మందు ఒక్కటియే చాలదు, చీము బయటికి పోవలెను. కనుక మొదట కారణమును కనుగొనవలెను, తరువాత మందును ఎన్నుకొనవలెను. మందు అట్టపై నిలువు ఎఱ్ఱగీత యున్నచో, వైద్యుని చీటి లేక దానిని కొనరాదని యర్థము.

ఆసుపత్రిలో రోగి చేయవలసినది

రక్తపరీక్ష ఉపద్రవమును కనుగొనుటకు తోడ్పడునేగాని నివారింపదు. నివారించునది చాలవఱకు రోగి ప్రయత్నమే. నొప్పిని ఓర్చుకొనుట గొప్ప యనుకొని ఊరకుండరాదు. నొప్పి తగ్గిననే దగ్గుటకును, ఊపిరి నిండుగా పీల్చుటకును వీలగును. కోతపై చిన్న దిండు అదిమిపట్టుకొని దగ్గినచో బాధ తక్కువగ నుండును. మూడు బంతులున్న శ్వాసపరికరమును వైద్యులు చెప్పినన్ని సారులు పీల్చవలెను. ఛాతి గొట్ట మున్నను, వైద్యుల అనుమతితో మరునాటినుండియే లేచి కూర్చుండుట, నడచుట మంచిది. పరుండియుండుటవలన కఫము నిలుచును, కాళ్ళలో నెత్తురు గడ్డకట్టును.

పథ్యము పేర రోగిని చిక్కిపోనీయరాదు. పప్పు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు వాతము చేయునని, చలువ చేయునని మాన్పించుట తగదు. గాయము మానుటకు మాంసకృత్తులే ముడిసరకు. మధుమేహము, మూత్రపిండవ్యాధి యున్నవారు మాత్రము వైద్యుని సలహా ననుసరింపవలెను. జలుబు, దగ్గు ఉన్న బంధువులు రోగిని చూచుటకు రాకుండుటయే నిజమైన ఆదరము.

ఇంటికి వచ్చిన తరువాత

దూరప్రయాణము చేయదలచినచో విడుదలకు ముందే వైద్యునితో చెప్పి, ఎన్నాళ్ళకు ప్రయాణింపవచ్చునో తెలిసికొనవలెను. చికిత్స వివరములు, తీసిన భాగము, చివరి సూచకముల అంకెలు, వాడుచున్న మందులు వ్రాసియున్న విడుదలపత్రము రోగి వెంట నుండవలెను. స్వగ్రామమునకు సమీపముననున్న పెద్ద ఆసుపత్రి యేదో ముందే తెలిసికొనియుండవలెను.

ఈ క్రింది చిహ్నములలో ఏ ఒక్కటి కనబడినను మరునాటివఱకు వేచియుండక ఆసుపత్రికి తీసికొనిపోవలెను: తగ్గిన జ్వరము మరల వచ్చుట, వణకు పుట్టుట, ఆయాసము హెచ్చుట, కఫము పసుపు లేక పచ్చరంగునకు మారుట, దుర్వాసన కొట్టుట, ఒక్కసారిగా ఉప్పునీటి వంటి లేక నెత్తుటిడాలు గల ద్రవము దగ్గులో విస్తారముగా పడుట, కోతనుండి చీము లేక గాలి వచ్చుట, గుండె దడదడ కొట్టుకొనుట, ఒక కాలు వాచి నొప్పిపెట్టుట, వృద్ధులలో హఠాత్తుగా మాట తడబడుట, మగతగా నుండుట. వీనిలో విస్తారముగా ద్రవము దగ్గులో పడుట శ్వాసనాళపు కుట్టు విడిపోయినదనుటకు గుర్తు కావచ్చును. అట్టి రోగిని శస్త్రచికిత్స జరిగిన ప్రక్కకు ఒరిగించి కూర్చుండబెట్టి లేక పరుండబెట్టి, మంచి ఊపిరితిత్తిలోనికి ద్రవము పోకుండ చూచుచు, వెంటనే 108 వాహనమును పిలువవలెను.

జ్వరమునకై పారాసిటమాల్ మాత్రను మాటిమాటికి మ్రింగించి, వేడి తగ్గినదని సంతసించుట మోసకరము. మాత్ర వేడిని దించును, చీమును దింపదు. ఉష్ణమాపకముతో ఉదయ సాయంకాలములు చూచి, మాత్ర వేసిన వేళతో సహా కాగితముపై వ్రాసి యుంచినచో వైద్యునకు ఎంతో ఉపకరించును.

ఖర్చునకు వెఱచి ఆలస్యము చేయరాదు. 2018 సెప్టెంబరు 23న జార్ఖండ్ రాజధానియైన రాంచీలో ప్రారంభింపబడిన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన క్రింద, అర్హతగల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవఱకు ఆసుపత్రి చికిత్స లభించును. ఒక రాష్ట్రపు కార్డు గలవారు ఈ యోజనలో చేరిన ఇతర రాష్ట్రముల ఆసుపత్రులలోను చికిత్స పొందవచ్చును. ప్రయాణమునకు ముందే ఆ కార్డును, చేర్పబడిన ఆసుపత్రుల జాబితాను చూచుకొనుట మంచిది.

రక్తపరీక్ష కాపలావాని కేక వంటిది. ఆ కేకను విని లేచి చూచువారుండిననే దానివలన ప్రయోజనము. అంకె పెద్దదని బెదరక, చిన్నదని ఏమఱక, అది నడచు దారిని రోగి స్థితితో పోల్చిచూచుచు, చిహ్నము కనబడిన గంటలోనే వైద్యుని చేరినచో, పెక్కు ఉపద్రవములను ప్రాణాపాయము కలుగకముందే నివారింప వీలగును.